చెవి తెచ్చినవాడు

పొద్దు బారెడెక్కక ముందే పోచన్నకు తెలిసిపోయింది, మందలో ఒక మేక లేదని. లెక్కపెట్టి తెలుసుకున్నది కాదు. లెక్కపెడితే తప్ప తన మంద తనకు తెలియనివాడు కురుమ పుటక పుట్టకపోవడమే మేలు. దొడ్డి తలుపు తీయగానే అన్నిటికంటే ముందు దూకి బయటపడే ఎర్రమేక ఇవాళ దూకలేదు, అంతే.

దొడ్డి వెనకవైపు ఇనుప జాలి కింద ఇసుక తవ్వి ఉంది. జాలి అంచున ఎర్ర వెంట్రుకలు చిక్కుకున్నాయి. పోచన్న కర్ర తీసుకొని ఇసుక దిబ్బ ఎక్కి దిగాడు. అవతల జమ్మిచెట్టు కింద మేక దొరికింది. ఈ దేశపోళ్ళు ఆ చెట్టును గాఫ్ అంటారు గానీ, ఏ పేరు పెడితేనేం, జమ్మి జమ్మే. మేకను ఏదో గొంతు పట్టి చంపింది. పొట్ట చీలి ఉంది, తొడ సగం లేదు. రాత్రంతా గాలి వీచి ఇసుక మీద అచ్చులన్నీ చెరిపేసింది. అచ్చులతో ఏం పని అనుకున్నాడు పోచన్న. కోరుట్ల అవతల గుట్టల్లో లాగు తొడుక్కోవడం రాకముందే మంద వెంట తిరిగినవాడు. గొంతు పట్టిందంటే తోడేలే.

తోడేలు జీవాన్ని కొడితే జీతగాడు చేయాల్సిన పనులు రెండు. ఒకటి, చెవి కోసి మంద ఆసామికి చూపించడం. మాటలతో పనిలేదు. చెవి చూసి ఆసామి నాలుక చప్పరించి, 'పాయె తియ్' అంటాడు, అక్కడితో సరి. చెవి తెచ్చినవాడు దొంగ కాడు. కోసుకు తిన్నవాడు, అమ్ముకున్నవాడు చెవి తేడు, కథ తెస్తాడు. రెండోది, మిగిలినదాన్ని లోతుగా పాతిపెట్టడం. పైన వదిలేస్తే రుచి మరిగిన తోడేలు మర్నాడు దానికోసం వస్తుంది, వచ్చినదానివల్ల ఇంకొకటి పోతుంది.

మొలలోంచి కత్తి తీసి, చెవి మొదట్లో రెండువేళ్ళు పెట్టి లాగి పట్టి కోశాడు. చూసి చూసి కుడిచెవే కోశాడు. ఆ ఇంటి మేకలన్నిటికీ కుడిచెవి అంచున గాట్లుంటాయి, అది వాళ్ళ గురుతు. గురుతు ఉన్న చెవైతే అర్బాబ్‌కు తన మేక తేలిగ్గా తెలుస్తుంది కదా అనుకున్నాడు. అర్బాబ్ అంటే యజమాని. పోచన్నను తోటపని అని పిలిపించి, గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్ ఊరికి అంత దూరాన ఈ ఇసుకలో మేకల దగ్గర దించిపోయిన మనిషి.

పార తెచ్చి నడుం లోతు గొయ్యి తీశాడు. ఇసుక తీసినంతా మళ్ళీ జారుతుంటే బూతులు తిట్టుకుంటూ తీశాడు. మేకను పాతి, పైన రాళ్ళు దొర్లించాడు. చెవిని కడిగి తడిగుడ్డలో చుట్టి, తన రేకుల గదిలో నీళ్ళకుండ మీద పెట్టాడు. వాసన పట్టకుండా ఆసామికి చేరాలి. తిరిగి వస్తూ జింకను చూశాడు. దొడ్డి పక్కనే దానికి వేరే జాలి గది. అర్బాబ్ తల్లి ముచ్చటపడి పెంచుకుంటున్న జింక అది. ఆ ముసలామె అప్పుడప్పుడు కారులో వచ్చి, దాని నోటికి ఖర్జూరాలు అందించి పోతుంది. రాత్రి ఏం చూసిందో, మూతి జాలికేసి కొట్టుకొని నెత్తురు చేసుకుంది. పోచన్న దాని మూతికి పసుపు అద్దాడు.

మధ్యాహ్నం అర్బాబ్ పికప్ వచ్చింది. వెనకే ఖాదర్ హుస్సేన్ నీళ్ళ ట్యాంకర్. ఖాదర్‌ది రాయచోటి. పోచన్నకు ఈ ఇసుకలో తెలుగు మాట్లాడే మనిషి అతనొక్కడే. అర్బాబ్ మాట పోచన్నకు, పోచన్న మాట అర్బాబ్‌కు చేరవేసేదీ అతనే. పోచన్న గుడ్డ విప్పి, రెండు చేతులా చెవి పట్టుకొని అర్బాబ్ ముందు నిలబడ్డాడు. ఊళ్ళో పటేలు ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు.

అర్బాబ్ చెవిని చూశాడు. దాని అంచున గాట్లను వేలితో తడిమాడు. ఆ తర్వాత పోచన్న చెంప మీద కొట్టాడు.

"ఏమప్పా పోచన్నా," అన్నాడు ఖాదర్ ట్యాంకర్ గొట్టం వదిలేసి వచ్చి, "యాన్నుంచి కోసినావు అది? ఎందుకు కోసినావు?"

"తోడేలు కొట్టింది ఖాదర్ భాయ్. చెవి తెచ్చిన. చెప్పు ఆయనకు, తోడేలని చెప్పు."

ఖాదర్ చెప్పాడు. అర్బాబ్ నవ్వాడు. అది చెంపదెబ్బ కంటే ఎక్కువ మండింది.

"ఇక్కడ తోడేళ్ళు వాళ్ళ నాయన కాలంలోనే అయిపోయినాయంట. కూర యాడ అని అడగతాండాడు."

"కూరేంది?"

"మేకను కోసి తిన్నావు, గురుతు తెలవకుండా చెవి కోసినావు అంటాండాడు. దొంగిలించినోళ్ళు ముందు చెవే కోస్తారంట ఈడ."

పోచన్న అర్బాబ్‌ను దిబ్బ అవతలికి తీసుకుపోయి, రాళ్ళు తీసి, ఇసుక తోడి, మేకను బయటికి లాగి చూపించాడు. చూపించినకొద్దీ చెడింది. పాతిపెట్టావంటే దాచావన్నట్టే. తొడ లేదంటే వండుకున్నావన్నట్టే. మొలలో కత్తికి నెత్తురుంది. నిజాయితీగా చేసిన ప్రతి పనీ దొంగతనానికి సాక్ష్యమై కూర్చుంది. గొంతు దగ్గర పళ్ళ గాట్లు చూడమని పోచన్న వేలు పెట్టి చూపిస్తుంటే, అర్బాబ్ ముక్కుకు తలగుడ్డ అడ్డం పెట్టుకొని పక్కకు తిరిగాడు.

పోయేటప్పుడు అర్బాబ్ రేకుల గదిలోకి పోయి, పోచన్న అన్నం వండుకునే గిన్నె, స్టవ్వు రెండూ తీసి పికప్‌లో వేసుకున్నాడు. గిన్నె లేకపోతే కూరెట్లా వండుతాడు అని. రొట్టెలు ఖాదర్ తెచ్చిస్తాడట. మరో మేక తగ్గిందంటే పోలీసులకు అప్పజెబుతాడట.

*

పోచన్నకు ఆకలి కంటే కోపం ఎక్కువగా ఉంది. పోలీసులంటే భయం లేక కాదు. జైల్లో పెట్టి, ఆ తర్వాత దొంగ అని ఊరికి పంపిస్తే, కురుమ వాడకట్టులో ఏ ముఖం పెట్టుకొని తిరగాలి? తాగుబోతును కులం ఓర్చుకుంటుంది. పెండ్లాన్ని కొట్టినవాణ్ణి కూడా, సిగ్గు లేకుండా, ఓర్చుకుంటుంది. కాపలా పెట్టిన మందలోంచి తిన్నవాడికి మాత్రం కులదేవుడు బీరప్ప పండుగలో పక్కన కూర్చునే చోటు ఉండదు.

మర్నాడు రొట్టెలు ఇవ్వడానికి వచ్చిన ఖాదర్, ట్యాంకర్ నీడలో కూలబడి బీడీ ముట్టించాడు.

"నేను చెప్పేది విను. తిన్నాను, తప్పయిందని కాళ్ళు పట్టుకుంటే పోతుంది కదప్పా. ఆకలేసింది తిన్నావు. ఎవరు తినరు?"

"నువ్వు గూడ గదే అంటున్నవా ఖాదర్ భాయ్?"

"నేనేమనలే. తోడేలును చూసినావా అంటే చూడలేదంటివి. చూడనిదాన్ని పట్టుకొని ఎందుకీ కొట్లాట?"

"నువ్వు రాయచోటిల బస్సులు కడిగినోనివి. నీకేం తెలుసు తోడేలు సంగతి?"

ఖాదర్ నవ్వి పొగ వదిలాడు. "అది మనుషుల మీద పడతాదా?"

"మనిషిని జూస్తే జంకుతది. గొర్రె దొరికినంత సేపు మనిషి దిక్కు చూడనే చూడది. నీకేం కాదు తియ్, నీ ఒంట్ల కండ యాడున్నది?"

"నీ ఒంట్లో ఉందిలే, కూర తిన్నోనివి," అన్నాడు ఖాదర్. పరాచకానికే అన్నాడు. పోచన్న చేతిలో రొట్టె ముక్క నేల మీదికి విసిరేసి లేచిపోయాడు. ఖాదర్ వెనకనుంచి పిలిచాడు. పోచన్న తిరగలేదు. ట్యాంకర్ పోయాక వచ్చి, రొట్టె ముక్కకు అంటిన ఇసుక దులిపి తిన్నాడు. కోపం కడుపు నింపదు కదా.

ఆ రోజంతా జాలి చుట్టూ తిరిగి, తవ్విన చోటల్లా రాళ్ళు పేర్చాడు. పనికిరాని టైర్లు దొర్లించుకొచ్చి అడ్డం పెట్టాడు. మధ్యలో ఒక కారు దుమ్ము రేపుకుంటూ దిబ్బ అంచు మీదుగా పోయింది. అర్బాబ్ తమ్ముడిది. చిన్న అర్బాబ్ అంటారు పనివాళ్ళు. దిబ్బలకవతల అతనికి వేట గుడారం ఉంది. కారు వెనక సీటులో అతని వేటకుక్కలు. సన్నని నడుములు, పొడుగు కాళ్ళు, పట్టులాంటి చెవులు. వాటికి తివాసీ మీద పడక, కడిగిన గిన్నెలో మాంసం. సలూకీలని పిలుస్తారు, వాటిని కుక్కలంటే వాళ్ళకు కోపం. పోచన్న వాటిని చూసి, తన గిన్నె సంగతి గుర్తొచ్చి ఉమ్మేశాడు. అంతకు మించి వాటి గురించి ఆలోచించలేదు. తిండికి కరువు లేని కుక్క మేకలెందుకు కొడుతుంది?

*

రెండో దెబ్బ పొద్దుగూకే వేళ పడింది.

ఖాదర్ ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. నిన్నటి మాటకు మొహం చెల్లక, ఒక పొట్లంలో ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు తెచ్చాడు. పోచన్న తీసుకొని గదిలో పెట్టాడు. ఖాదర్ గొట్టం తొట్టిలో పెట్టి, ట్యాంకర్ పక్కన నిలబడి నీళ్ళు నిండే చప్పుడు వింటున్నాడు. పోచన్న మేకలను లోపలికి తోలుతున్నాడు.

ముందు జింక అరిచింది. జింక అరుపు పోచన్న అప్పటిదాకా వినలేదు. తిరిగి చూసేసరికి దిబ్బ మీదినుంచి మూడు జంతువులు కిందికి వస్తున్నాయి. మొరగడం లేదు, ఆగడం లేదు. అంత వేగం ఏ తోడేలుకూ ఉండదు. మెడలకు తోలు పట్టీలున్నాయి. జింక గది జాలి మీదికి మొదటిది ఎగిరింది, జాలి వంగింది, రెండోది దాని మీదినుంచి లోపలికి దూకింది. చిన్న అర్బాబ్ కుక్కలకు నేర్పిందే జింకల వేట. మొన్న కూడా జింక కోసమే వచ్చి, దొరక్క మేకను కొట్టి ఉంటాయి. అది పోచన్నకు కర్ర ఎత్తి పరుగెత్తుతూనే అర్థమైంది. అర్థం కాగానే ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద ఎంత మండిందో తన మీద అంత మండింది. ఊరూవాడా వినేట్టు తోడేలని ఒట్లు పెట్టుకున్నది తనే కదా.

ఖాదర్ దగ్గరగా ఉన్నాడు. గొట్టం తిప్పి నీళ్ళు కొట్టాడు, కేకలు వేశాడు. మూడోది వెనక్కి తిరిగి అతని పిక్క పట్టుకుంది. ఖాదర్ పడిపోయాడు. పడ్డా వదల్లేదు, తలాడిస్తూ లాగుతోంది. పోచన్న కర్రను రెండు చేతులా పట్టి దాని నడుం మీద కొట్టాడు. రెండోసారి తల మీద కొట్టాడు. అది లేవలేదు. మిగతావి అప్పటికే జింకను చంపి, మనుషులను చూసి ఏ బెదురూ లేకుండా, కాసేపు నిలబడి మూతులు నాకి, వచ్చిన దారినే దిబ్బ ఎక్కాయి.

ఖాదర్ కాలు చూస్తే పిక్క కండ ఊడి వేలాడుతోంది. పోచన్న తలగుడ్డ చింపి, గొట్టం నీళ్ళు ధారగా పట్టి చాలాసేపు కడిగాడు. ఊళ్ళో అయితే కారం కూరతారు. కారం డబ్బా తెచ్చాడు గానీ, ఖాదర్ ముఖం చూసి పెట్టలేకపోయాడు.

"తోడేలు అంటివే," అన్నాడు ఖాదర్ పళ్ళు బిగబట్టి.

"తప్పు చెప్పిన. తోడేలైతే మనల్ని జూసి ఎనుకకు జరుగుతుండె. ఇయ్యి మనిషి చేతి బువ్వ తిన్నయి, వీటికి మనమంటే ఏం భయం?"

"పిచ్చిదేమో పోచన్నా. పిచ్చి కుక్క కరిస్తే నీళ్ళు చూసి అరుస్తా చస్తారంట. మా ఇంటి పక్కన ఒకాయప్ప అట్లే పోయినాడు."

"పిచ్చిది గాదు. అయినా సూదులు ఏయించుకోవాలె. బొడ్డు చుట్టు ఏస్తరు, ఓర్చుకోవాలె. మా దిక్కు సూదులతోపాటు ఏడు బాయిలు తొంగి చూపిత్తరు. గీడ బాయిలు యాడియి? నీ ట్యాంకర్లనే ఏడుసార్లు తొంగి చూడు."

ఖాదర్ నవ్వబోయి ఏడ్చాడు. ఆ ఏడుపులోనే అన్నాడు, "నువ్వు కూర తిన్నావని నేనూ అనుకున్నా పోచన్నా." పోచన్న ముడి బిగించి, అతన్ని భుజం మీద వేసుకొని ట్యాంకర్ ఎక్కించాడు. ఎడమకాలితో ఏం తొక్కాడో, ఎట్లా తోలాడో, ట్యాంకర్ వంకర్లు తిరుగుతూ రోడ్డు వైపు పోయింది. మందను విడిచి పోచన్న కదలడానికి లేదు. చచ్చిన కుక్కను, చచ్చిన జింకను ఎక్కడివక్కడే ఉంచాడు. ఈసారి ఏదీ కోయలేదు, ఏదీ పాతిపెట్టలేదు.

*

పొద్దున్నే మూడు బండ్లు వచ్చాయి. ముందు అర్బాబ్ పికప్, పఠాన్ డ్రైవర్ తోలుతున్నాడు. పక్కన కాలికి కట్టుతో ఖాదర్. ఆ వెనక చిన్న అర్బాబ్ కారు, అందులో వెనక సీటులో నల్ల ముసుగులో ముసలామె. చివర పోలీసు జీపు. అందులోంచి గడ్డం నెరిసిన పోలీసు ఒకడు దిగాడు. కాలు చూసిన డాక్టరు, ఏం కరిచిందో తేలాలని పోలీసులకు చెప్పాడట.

అర్బాబ్ దిగుతూనే పోచన్న దగ్గరికి వచ్చాడు. చేతిలో గిన్నె ఉంది. స్టవ్వు పఠాన్ తెచ్చి గది ముందు పెట్టాడు. అర్బాబ్ పోచన్న భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ పోలీసుతో ఏదో చెప్పాడు. రెండేండ్లలో ఆ చెయ్యి భుజం మీద పడటం అదే మొదటిసారి.

"నువ్వు చెప్పిందే నిజమంటాండాడు," అన్నాడు ఖాదర్ నేల చూపులు చూస్తూ. "తోడేళ్ళే వచ్చినాయంట. మీ ఊర్లో నువ్వు తోడేళ్ళ సంగతి బాగా తెలిసినోనివంట. తనే నిన్ను అనవసరంగా అన్నాడంట."

పోచన్నకు మొదట అర్థం కాలేదు. "కుక్కలు గదా ఖాదర్ భాయ్. నీ కాలు పట్టింది కుక్క గదా."

"తోడేలు అని చెప్పినా నేను. ఆసుపత్రిలోనూ, పోలీసుకూ."

"సచ్చిన కుక్కనో?"

"తోడేలును అడ్డుకోబోయి సచ్చిపోయింది. చిన్న అర్బాబ్ రాత్రినుంచి అన్నం తినలేదంట దాని కోసం." ఖాదర్ గొంతు ఇంకా తగ్గింది. "కుక్కలని చెప్తే, కరిచిన కుక్కలన్నీ కాల్చేస్తారంట. నాకు వేసే సూదులు ఈడ లేవు పోచన్నా, దుబాయ్ పెద్దాసుపత్రికి పోవాల. నువ్వు కూడా తోడేలే అని చెప్పినాకనే పంపిస్తానంటాండాడు. చెప్పప్పా. నీ మాట మీద నా పానం ఉంది."

పోచన్న అందరినీ ఒకసారి చూశాడు. చిన్న అర్బాబ్ చచ్చిన కుక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని దాని చెవులు నిమురుతున్నాడు. దానికి నాలుగడుగుల అవతల జింక ఈగలు ముసిరి పడి ఉంది. దాని దగ్గర ఎవరూ కూర్చోలేదు. మొన్నటిదాకా నిజమనుకొని గొంతు చించుకున్నప్పుడు దొంగవన్నారు. అదే మాట ఇవాళ అబద్ధమని తెలిసి చెప్తే, మంచోడు, తెలిసినోడు. గిన్నె వచ్చింది, స్టవ్వు వచ్చింది, భుజం మీద చెయ్యి వచ్చింది. ఒక్కమాటతో దొంగ పేరు చెరిగిపోతుంది.

"ముందు నిన్ను దవాఖానకు పంపుమను," అన్నాడు. "బండి కదిలినంక చెప్త. నువ్వు గీడ ఉన్నంతసేపు నోరు ఇప్ప."

ఖాదర్ అర్బాబ్‌కు చెప్పాడు. అర్బాబ్ కనుబొమలు ముడిచాడు, పోచన్నను ఎగాదిగా చూశాడు. మేకల కాపరికి మించిన తెలివి ఏముంటుందనుకున్నాడో, పోలీసు ఎదురుచూస్తున్నాడనుకున్నాడో, చేత్తో పఠాన్‌కు సైగ చేశాడు. ఖాదర్ పికప్ ఎక్కుతూ పోచన్న చెయ్యి పట్టుకున్నాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాడు పాపం. పికప్ రోడ్డెక్కి, దుమ్ము అణిగేదాకా పోచన్న అటే చూశాడు.

మాట మార్చి చెప్పేవాడు పోయాక, పోచన్న మాట తెలిసేదెట్లా అని అర్బాబ్‌కు అప్పుడు తోచింది. పోలీసు వైపు తిరిగి ఏదో అనబోయాడు. పోలీసు చెయ్యెత్తి ఆపి, తోడేలేనా అని పోచన్నను హిందీలో అడిగాడు. బలూచీ వాడు, కరాచీలో పెరిగినవాడు.

"అబ్ బోల్. భేడియా థా?"

"భేడియా నహీ సాబ్. కుత్తా."

అర్బాబ్‌కు హిందీ రాదు గానీ, గల్ఫ్‌లో కుత్తా అనే మాట తెలియనివాడు లేడు. అతని ముఖంలో నవ్వు అట్లాగే ఉండి, కళ్ళు మాత్రం మారాయి.

"నిన్నటిదాకా తోడేలని అరిచింది నువ్వే అంటున్నారు," అన్నాడు పోలీసు.

పోచన్న వచ్చినంత హిందీలో, రానిచోట తెలుగులో చెప్పాడు. "నేనే అన్న. తప్పు చెప్పిన. గొంతు పట్టింది గదా, తోడేలనుకున్న. నిన్న కండ్లార చూసిన. ఆయన కుక్కలు. జింకను సంపినయి, ఖాదర్‌ను పట్టినయి. గీడ సచ్చి పడున్నదాన్ని సంపింది నేను. తోడేలు సంపలే, నా కట్టెతో నేను సంపిన. ఖాదర్ అబద్ధం చెప్పిండంటే సూదుల కోసం చెప్పిండు, వాణ్ని ఏమనకు సాబ్."

చిన్న అర్బాబ్ లేచి వచ్చి పోచన్న గల్లా పట్టుకున్నాడు. పోలీసు విడిపించాడు. "ఆ కుక్క ఎంత విలువైందో తెలుసా నీకు?" అని అడిగాడు పోచన్నను. బెదిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు.

"నా మంద మీద పడ్డది," అన్నాడు పోచన్న.

కారు తలుపు తెరుచుకుంది. ముసలామె దిగి, పెద్దకొడుకును అడిగింది, ఏమంటున్నాడని. అతను తల దగ్గర వేలు తిప్పి, పిచ్చివాడన్నట్టు చెప్పాడు. ఆమె అతన్ని వదిలేసి పోలీసును అడిగింది. పోలీసు ఒకసారి అర్బాబ్‌ను చూశాడు, ఒకసారి ఆమెను చూశాడు. అర్బాబ్ అజమాయిషీయే గానీ, మేకలు అసలు ఆమెవి. అరబ్బీలో చెప్పాడు, చెప్పిందంతా చెప్పాడు.

ఆమె జింక దగ్గరికి పోయి, కాలితో ఈగలను తోలింది. కాసేపు నిలబడింది. వచ్చి పోచన్న ఎదురుగా ఆగి, ముసుగులోంచి సూటిగా చూస్తూ ఏదో అడిగింది.

"నా మేకను నువ్వు తిన్నావా, అని అడుగుతోంది," అన్నాడు పోలీసు.

తిన్నావు అన్నవాళ్ళే అందరూ. అర్బాబ్ అన్నాడు, ఖాదర్ అనుకున్నాడు. తిన్నావా అని అడిగినవాడు ఒక్కడు లేడు. ఇంత చిన్న మాట అడగడానికి ఈ దేశంలో ఒక జింక చావాలి, ఒక మనిషి కాలు తెగాలి. ఏడుపు వస్తుందేమోనని పోచన్న కోపాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"తినలే," అన్నాడు.

పోలీసు చెప్పకముందే ఆమె తలూపింది. క్షమించమనలేదు, నువ్వు మంచివాడివనీ అనలేదు. కుక్కను చంపినందుకు అతన్ని తీసుకుపోవద్దని కూడా అనలేదు. పోలీసు జీపు వెనక తలుపు తీశాడు. ఇద్దరు కొడుకులూ ఒకేసారి మాట్లాడబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. దొడ్డిలో మేకలు అరుస్తున్నాయి, పొద్దుటినుంచి వాటి మొహం చూసినవాళ్ళు లేరు. ఆమె చిన్నకొడుకుతో ఒక్కమాట అని, నీళ్ళ డ్రమ్మును చూపించింది.

అతను నమ్మలేనట్టు ఆమెను చూశాడు. ఆమె చెయ్యి దించలేదు. చివరికి తెల్లటి పొడుగు అంగీని మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకొని, బకెట్ అందుకున్నాడు. ముంచడం చేతకాలేదు. సగం నీళ్ళు అంగీ మీదే ఒలకబోసుకున్నాడు. అర్బాబ్ తన పాదాల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

పోచన్న జీపు ఎక్కి కూర్చున్నాడు. కోపం ఇంకా ఎక్కడిదక్కడే ఉంది. చల్లారాల్సిన అవసరం ఏముందనిపించింది. తలుపు వేయబోతున్న పోలీసును ఆపి, దొడ్డి వైపు చూపించాడు.

"ముందు మేకపిల్లలకు పెట్టుమను సాబ్," అన్నాడు. "పెద్దయి తాగినంక వాటికి మిగలయి."